పాత కారు క్రోమ్ బంపర్‌కి తుప్పు రాకుండా ఆపొచ్చా?

పూర్తిగా ఆపలేం గానీ, కడిగిన ప్రతిసారీ క్రోమ్‌ని తడి లేకుండా తుడిచి, రెండు మూడు నెలలకోసారి కార్ వ్యాక్స్ రాస్తుంటే తుప్పు బాగా నెమ్మదిస్తుంది.

అసలు తుప్పు పట్టేది క్రోమ్ కాదు, దాని కింద ఉన్న ఉక్కు. ఉక్కు మీద నికెల్ పూత, దాని మీద క్రోమియం పూత వేస్తారు. ఈ పై పూత మామూలుగా ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కూడా ఉండదు, పైగా అందులో కంటికి కనపడని పగుళ్లుంటాయి, వాటిలోంచి నీళ్లు, ఉప్పు మెల్లగా దిగి నికెల్‌ని దాటాయంటే ఉక్కు తుప్పు పట్టి, ఉబ్బి, పై పూతని పొక్కులా లేపేస్తుంది. వ్యాక్స్ చేసేదల్లా ఆ దారులు మూయడమే.

విశాఖలో బీచ్ దగ్గరుండే పాత అంబాసిడర్‌నే తీసుకోండి. ఉప్పుగాలికి బోల్టుల చుట్టూ, బంపర్ కింది అంచున సన్నటి గోధుమరంగు చుక్కలు వస్తాయి. ఈ దశలోనే అల్యూమినియం ఫాయిల్ ముక్కని నీళ్లలో ముంచి తేలిగ్గా రుద్దితే చాలావరకు పోతాయి, తర్వాత కడిగి, ఆరబెట్టి వ్యాక్స్ రాయాలి. బంపర్ వెనకవైపు ఎవరూ చూడరు, బురదంతా అక్కడే పేరుకుంటుంది, అందుకే అక్కడ శుభ్రం చేసి తుప్పు నిరోధక పెయింట్ వేయించండి.

చాలామంది పొరబడేది ఎక్కడంటే, గిన్నెలు తోమే స్టీలు పీచుతో గట్టిగా రుద్దితే మళ్లీ కొత్తదానిలా మెరుస్తుందనుకుంటారు. నిజానికి ఉన్న పల్చటి పూత కాస్తా గీతలు పడి అరిగిపోతుంది. పూత ఊడిపోయిన చోట ఏ పాలిషూ పనిచేయదు, మళ్లీ ప్లేటింగ్ చేయించాల్సిందే.