బ్రష్‌కు అంటిన రక్తం ఏం చెబుతోంది?

ప్రశ్న: నా వయసు 34. మూడు నెలలుగా పళ్లు తోముకునేటప్పుడు కింది ముందు పళ్ల దగ్గర రక్తం వస్తోంది. నొప్పి లేదు. బ్రష్ గుచ్చుకుంటోందేమోనని ఆ చోట తోమడం మానేశాను, అయినా తగ్గలేదు. విటమిన్ సి మాత్రలు వేసుకుంటే సరిపోతుందని స్నేహితురాలు అంటోంది. నిజమేనా?

జవాబు: రక్తం కనబడగానే ఆ చోటును వదిలేసి మిగతా పళ్లు తోముకోవడం చాలామంది చేసే పనే. కానీ మీరు చేయవలసింది సరిగ్గా దానికి ఎదురు పని. ఉదయం లేవగానే నాలుకతో పళ్లను తడిమి చూడండి. చిగురు అంచు వెంబడి జిగటగా ఒక పొర తగులుతుంది. అదే పాచి. అది తిన్న పదార్థాల తుక్కు కాదు, కాబట్టి నీళ్లు పుక్కిలిస్తే పోదు. కోట్ల సూక్ష్మజీవులు తాము ఊరించుకున్న జిగురులో గూడు కట్టుకుని పంటిని పట్టుకుని ఉంటాయి. అవి విడుదల చేసే విషపదార్థాలను ఎదుర్కోవడానికి శరీరం చిగుళ్లకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది, చిగురు ఉబ్బుతుంది, లోపలి పొర పలచబడి బ్రష్ కుచ్చు తగిలినా రక్తం వస్తుంది. అంటే రక్తం రావడానికి కారణం బ్రష్ కాదు, బ్రష్ అక్కడికి సరిగ్గా చేరకపోవడం.

ఇది ఊహ కాదు. 1965లో డెన్మార్క్‌లో హెరాల్డ్ లోయె అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి, ఆరోగ్యమైన చిగుళ్లున్న 12 మంది చేత పళ్లు శుభ్రం చేసుకోవడం పూర్తిగా మాన్పించి చూశారు. 10 నుంచి 21 రోజుల లోపు అందరికీ చిగుళ్ల వాపు వచ్చింది. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టాక సుమారు వారం పది రోజుల్లో చిగుళ్లు మామూలు స్థితికి వచ్చాయి. ఈ దశలో జబ్బు పూర్తిగా వెనక్కి మళ్లుతుందన్న మాట మీరు ముఖ్యంగా గుర్తుంచుకోవలసింది.

విటమిన్ సి లోపం వల్ల చిగుళ్ల నుంచి రక్తం రావడం నిజమే, కానీ అది ఒక్కచోట మాత్రమే రాదు, పైగా మామూలు ఆహారం తీసుకునేవారిలో ఆ లోపం అరుదు. మాత్రలు పక్కన పెట్టి మెత్తని కుచ్చున్న బ్రష్ తీసుకోండి. కుచ్చును చిగురు, పన్ను కలిసే గీత మీద ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి, ఒక్కో పంటి మీద చిన్న చిన్న కదలికలతో తోమండి. కింది ముందు పళ్ల లోపలి వైపు బ్రష్‌ను అడ్డంగా పెడితే అది అంచులకు అందదు; నిలువుగా పట్టుకుని దాని కొసతో కింది నుంచి పైకి లాగాలి. పళ్ల సందుల్లోకి ఏ బ్రష్షూ వెళ్లదు కాబట్టి రోజుకు ఒకసారి ఫ్లాస్ దారం గానీ, సందులకు వాడే సన్నని బ్రష్ గానీ వాడండి. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం ఇంకాస్త ఎక్కువగా వచ్చినట్టు అనిపించవచ్చు. బెదిరి మానేయవద్దు. రెండు వారాలకు కూడా తగ్గకపోతే అక్కడ గార పట్టి ఉందని అనుకోవాలి, అది బ్రష్‌కు లొంగదు, దంతవైద్యుని దగ్గరకు వెళ్లాలి. తోముకోకుండానే రక్తం కారుతున్నా, ఒంటి మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనబడుతున్నా రక్తపరీక్ష కోసం ముందు వైద్యుని సంప్రదించండి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఆ సంగతి తప్పక చెప్పండి, మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

ప్రశ్న: మా వారికి పళ్ల వెనక పచ్చగా, రాయిలా పేరుకుపోయింది. క్లీనింగ్ చేయించుకోమని దంతవైద్యురాలు చెప్పారు. ఒకసారి చేయిస్తే పళ్లు వదులవుతాయని, సందులు పడతాయని, ఆ తరువాత జీవితాంతం చేయిస్తూనే ఉండాలని మా అత్తగారు భయపెడుతున్నారు. ఆవిడ అక్కగారికి అలాగే అయిందట.

జవాబు: మీ అత్తగారు చూసింది అబద్ధం కాదు, దానికి ఆవిడ చెప్పుకున్న కారణమే పొరపాటు.

పళ్ల మీద మిగిలిపోయిన పాచిలోకి లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేట్ చేరుతూ అది గట్టిపడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే మొదలయ్యే ఈ పని కొన్నాళ్లకు రాయిలాంటి గారగా స్థిరపడుతుంది. కింది ముందు పళ్ల వెనకే అది ఎక్కువగా ఎందుకు పేరుకుంటుందో తెలుసుకోవాలంటే అద్దం ముందు నాలుక పైకెత్తి చూడండి. నాలుక కింద నడిమధ్యన రెండు చిన్న బొడిపెలు కనబడతాయి. లాలాజలం ఊరే నాళాల నోళ్లు అవే. పై దవడ వెనక పళ్లకు బుగ్గ వైపు గార పట్టడానికి కూడా కారణం ఇలాంటిదే, అక్కడ బుగ్గ లోపల మరో నాళం తెరుచుకుంటుంది.

ఏళ్ల తరబడి గార ఉన్న చోట చిగురు కిందికి దిగి, పంటిని పట్టి ఉంచే ఎముక కరిగిపోతుంది. అప్పటికే పట్టు కోల్పోయిన నాలుగైదు పళ్లను ఆ గారే అతుకు వేసినట్టు కలిపి నిలబెడుతుంది. గార తీసేయగానే అవి కదులుతున్న సంగతి బయటపడుతుంది. ఉబ్బిన చిగురు వాపు తగ్గి సహజమైన కొలతకు రావడంతో, ఇన్నాళ్లూ వాపు, గార పూడ్చి ఉంచిన సందులు కనబడతాయి. మరుగున ఉన్న వేరు భాగం గాలికి, నీటికి తెరుచుకోవడం వల్ల కొన్ని రోజులపాటు చల్లనివి తగిలితే పళ్లు జివ్వుమంటాయి. ఇవన్నీ జబ్బు మిగిల్చినవే గానీ చికిత్స తెచ్చినవి కావు. ఇందులో మా దంతవైద్యుల తప్పు కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. కుర్చీలో కూర్చోబెట్టే ముందు ఈ నాలుగు మాటలు చెబితే, రోగి ఇంటికి వెళ్లి అద్దంలో సందులు చూసుకుని హడలిపోయే అవసరం ఉండదు.

క్లీనింగ్‌నే మేము స్కేలింగ్ అంటాం. ఆ పరికరం కొస సెకనుకు వేల సార్లు కంపిస్తూ, నీటి జల్లుతో గారను పెచ్చులుగా ఊడగొడుతుంది. పంటిని చెక్కదు, అరగదీయదు. శరీరంలోకెల్లా గట్టి పదార్థమైన పంటి పైపొర ఎనామిల్‌కు సరిగ్గా చేసిన స్కేలింగ్ వల్ల నష్టం ఉండదు. ఇక జీవితాంతం చేయించాలన్న మాటకొస్తే, గార మళ్లీ పట్టేది స్కేలింగ్ చేయించినందుకు కాదు, పాచి రోజూ పట్టేదే కనుక. రోజూ ఎంత బాగా తోముకుంటే ఆ అవసరం అంత ఆలస్యంగా వస్తుంది.

ప్రశ్న: ఆరు నెలలకోసారి పళ్లు చూపించుకోవాలంటారు. నాకు ఏ బాధా లేదు. బాధ లేనివారికి అక్కడ ఏం చూస్తారు?

జవాబు: పంటి పైపొర అయిన ఎనామిల్‌లో నరాలు లేవు. పుచ్చు ఆ పొరను తొలుచుకుని లోపలికి బాగా దిగేదాకా నొప్పి తెలియదు, చిగుళ్ల జబ్బు అయితే పన్ను కదిలేదాకా కూడా నొప్పి లేకుండానే నడిచిపోగలదు. నొప్పి వచ్చాక వెళ్తే సాధారణంగా రూట్ కెనాలో, పన్ను తీయించుకోవడమో మిగులుతుంది. నొప్పికి ముందే వెళ్తే చాలాసార్లు చిన్న ఫిల్లింగ్‌తో, లేదా అదీ లేకుండా ఫ్లోరైడ్ పూతతో సరిపోతుంది.

పరీక్షలో చిగుళ్ల భాగం చూడండి. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని, మొద్దు కొస పుల్లను చిగురుకు, పంటికి మధ్య మెల్లగా జార్చి, పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు కొలుస్తారు. దంతవైద్యులు “రెండు, మూడు, రెండు” అని అంకెలు చెబుతుంటే సహాయకులు రాసుకుంటారు. ఒకటి నుంచి మూడు వరకు ఉండి రక్తం రాకపోతే చిగురు ఆరోగ్యంగా ఉన్నట్టు. నాలుగు, అంతకు మించి ఉన్నచోట చిగురు కింద సంచీ ఏర్పడుతోందని అనుమానించి జాగ్రత్తగా చూస్తారు. మీరు కుర్చీలో పడుకుని ఆ అంకెలు విని ఊరుకోకుండా, ఎన్ని చోట్ల నాలుగు దాటిందని అడగండి. ఈసారి విన్నవాటిని వచ్చేసారి విన్నవాటితో పోల్చుకోవచ్చు. రెండు పళ్లు ఆనుకునే చోట మొదలైన పుచ్చు కంటికి కనబడదు కనుక, అవసరమని తోస్తే చిన్న ఎక్స్‌రే తీస్తారు. బుగ్గల లోపలి వైపు, నాలుక అంచులు, నాలుక కింద కూడా చూస్తారు. రెండు వారాలు దాటినా మానని పుండు, తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే నొప్పి లేకపోయినా ఆ పరీక్ష కోసం ఎదురుచూడకుండా వెంటనే చూపించాలి.

ఆరు నెలల లెక్క మంచి అలవాటే గానీ అందరికీ ఒకటే కొలత కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2004లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవారికి ఈ గడువు మూడు నెలల నుంచి రెండేళ్ల దాకా, 18 ఏళ్లలోపు వారికి ఏడాదికి మించకుండా, ఎవరి నోటి పరిస్థితిని బట్టి వారికి నిర్ణయించాలి. మధుమేహం ఉన్నవారు, పొగ తాగేవారు, తరచుగా పుచ్చు వచ్చేవారు, మందుల వల్ల నోరు ఎండిపోయేవారు త్వరత్వరగా వెళ్లాలి. గర్భిణులు కూడా వెనకాడనక్కరలేదు. హార్మోన్ల మార్పు వల్ల వారి చిగుళ్లు సులభంగా వాస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయికి ఆరేళ్లు. రెండు పాలపళ్లు నల్లబడ్డాయి. ఎలాగూ ఊడిపోయేవే కదా, వదిలేయవచ్చా?

జవాబు: వదిలేయకండి. వెనక పాలపళ్లు 10 నుంచి 12 ఏళ్ల దాకా ఉండి, కింద పెరిగే శాశ్వత పళ్లకు చోటు కాపాడతాయి. మధ్యలో అవి పోతే పక్క పళ్లు జరిగి ఆ చోటు తగ్గిపోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ అబ్బాయి నోరు తెరిపించి చిట్టచివరి పాలపన్ను వెనక చూడండి. ఏ పన్నూ ఊడకుండానే అక్కడ కొత్త పన్ను మొలుస్తూ ఉండవచ్చు. అది జీవితాంతం ఉండవలసిన మొదటి శాశ్వత దవడ పన్ను. చాలామంది తల్లిదండ్రులు దానిని కూడా పాలపన్నే అనుకుని పట్టించుకోరు. దాని పైభాగంలోని గాడులు బ్రష్ కుచ్చు కంటే సన్నగా ఉంటాయి, పుచ్చు అక్కడే మొదలవుతుంది. పన్ను పూర్తిగా బయటకు రాగానే ఆ గాడులను సీలెంట్ అనే పలచని పూతతో మూయించడం పిల్లలకు చేయగల మంచి పనుల్లో ఒకటి.

తీపి ఎంత తిన్నాడన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నది లెక్క పెట్టుకోండి. ప్రతిసారీ సూక్ష్మజీవులు ఆమ్లం తయారు చేసి పంటి చుట్టూ పీహెచ్‌ను (ఆమ్లతను తెలిపే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కంటే కిందికి దించుతాయి, అది కోలుకోవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. కొంచెం కొంచెంగా రోజంతా నమిలే పిల్లవాడి పళ్లకు ఆ విరామమే దొరకదు. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో మీరే తోమండి. ఈ వయసుకు బఠాణీ గింజంత పేస్టు చాలు. మూడేళ్లలోపు పిల్లలకైతే బియ్యపు గింజంతే. ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ నేర్పు రాదు.

ప్రశ్న: మౌత్‌వాష్ వాడితే ఫ్లాస్ అక్కరలేదంటున్నారు?

జవాబు: అంటుకున్న జిగురును పుక్కిలింత ఊడదీయలేదు, దారమో సన్నని బ్రష్షో తగలాలి. మరొక్క మాట. తోమిన వెంటనే నీళ్లతో గట్టిగా పుక్కిలించకండి, ఉమ్మి వదిలేయండి. పేస్టులోని ఫ్లోరైడ్ కాసేపు పళ్ల మీద ఉండాలి.

ప్రశ్న: నాన్నగారికి 58 ఏళ్లు. పదేళ్లుగా షుగరు ఉంది, సిగరెట్టు మానలేదు. చిగుళ్ల నుంచి ఎప్పుడూ రక్తం రాలేదు కనుక తన పళ్లు గట్టివేనంటారు. ఈమధ్య ఒక పన్ను కదులుతోంది.

జవాబు: మొదటి ఉత్తరం రాసిన పాఠకురాలికి రక్తం హెచ్చరిక ఇచ్చింది. మీ నాన్నగారికి ఆ హెచ్చరిక కూడా అందలేదు. పొగ వల్ల చిగుళ్లలోని రక్తనాళాలు కుంచించుకుపోయి, లోపల జబ్బు ముదురుతున్నా పైకి చిగురు పాలిపోయి గట్టిగా కనబడుతుంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ల జబ్బు పెరుగుతుంది, చిగుళ్ల జబ్బు ముదిరితే షుగరు అదుపు కష్టమవుతుంది. చిగుళ్లకు సరైన చికిత్స జరిగాక షుగరు కొంత తగ్గిన సందర్భాలు ఉన్నాయని ఆయనకు చెప్పండి, ఒప్పించడానికి అది పనికొస్తుంది. ఈ వారంలోనే తీసుకువెళ్లి, ఇటీవలి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) ఫలితం, వాడుతున్న మందుల చీటీ వెంట ఉంచుకోండి. కదిలే పంటిని ఇంట్లో వేలితో ఆడించి చూడనివ్వకండి, ఎముక ఎంత మిగిలిందో ఎక్స్‌రేలో చూశాకే దానిని ఉంచాలో తీయాలో తేలుతుంది.