సూర్యుడి గురించి రాస్తున్న సాహితికి

చి. సాహితికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం ‘సూర్యుడు పగబట్టిన వేళ’ అందింది. రెండుసార్లు చదివాను. 1859, 1921, 1972, 1989, 2003, 2024 తుఫానులన్నీ పోగు చేశావు. దాని వెనక ఎన్ని రాత్రుల చదువు ఉందో నాకు తెలుస్తూనే ఉంది. సూర్యుడి నుంచి దూసుకొచ్చి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపే సౌర తుఫానుల మీద తెలుగులో ఇంత శ్రద్ధగా కూర్చుని రాసేవాళ్లు తక్కువమ్మా. అందుకే ‘బాగుంది’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోలేకపోయాను. ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు ఆ మొదటి పేరా తీసెయ్. ఏ క్షణంలోనైనా ఆకాశం నుంచి చావు ముంచుకొస్తుందనీ, చేతిలో సెల్‌ఫోన్ పేలిపోతుందనీ రాశావు. ఫోన్ పేలదు. ఆ సంగతి తర్వాత చెప్తాను. నిజమే అయినా సరే, అక్కడ మొదలుపెట్టొద్దనే అనేవాణ్ణి. ఎందుకో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పాలి.

1979లో నాకు పన్నెండేళ్లు. అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడిపోతోందని ఊరంతా గగ్గోలు. సాయంత్రాలు రచ్చబండ దగ్గర ఒకాయన పేపరు చదివి వినిపించేవాడు. అది ఎంత పెద్దదో చెప్పేవాడు, ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలీదని చెప్పేవాడు. వింటున్న కొద్దీ జనానికి గుండె జారిపోయేది. కోళ్లని కోసుకు తిన్నారు, మేకల్ని కోసుకు తిన్నారు. మా నాయనమ్మ విత్తనానికని దాచిన వేరుశనగ కాయలు కూడా వేయించి మా ముందు పోసింది. ఎలాగూ పోతాం కదా, పిల్లలు కడుపునిండా తిననీ అంది. జూలై 11న అది ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ, ఆస్ట్రేలియా పడమటి వైపునా పడింది. మా నాన్న ఆ ఏడు విత్తనాలకి అప్పు చేశాడు.

అన్ని సాయంత్రాల్లో ఒక్కరు కూడా అదెందుకు పడుతోందో చెప్పలేదు. నాకు ఆ సంగతి తెలిసేసరికి ముప్పై ఏళ్లు దాటాయి. సూర్యుడు పదకొండేళ్లకోసారి చురుగ్గా మారతాడు. ఆసారి అనుకున్నదానికంటే ఎక్కువ చురుగ్గా ఉన్నాడు. దాంతో భూమి పై పొరల్లో గాలి వేడెక్కి పైకి ఉబ్బింది. ఆ పల్చటి గాలి రాసుకుని రాసుకుని స్కైలాబ్ వేగం తగ్గి, అనుకున్నదానికంటే ముందే కిందికి దిగిపోయింది. ఇంకో సంగతి. ఆ స్కైలాబ్‌లో సూర్యుణ్ణి చూసే టెలిస్కోపులు ఉండేవి. 1973, 74ల్లో సూర్యుడి నుంచి ఎగిసిపడే మేఘాలను అవి ఎన్నో ఫోటోలు తీశాయి. ఎవరిని చూడ్డానికి పైకి వెళ్లిందో ఆయనే దాన్ని కిందికి దించాడు. ఇది తెలిసి ఉంటే మా నాయనమ్మ భయపడేది కాదని అనను. కానీ అడగడానికి ఆమెకి ఒక ప్రశ్న ఉండేది. భయం ఒక్కటే ఇచ్చి వదిలేస్తే మనిషి చెయ్యగలిగింది ఏమీ ఉండదు, విత్తనాలు వేయించుకోవడం తప్ప.

2022 ఫిబ్రవరిలో, ఉపగ్రహాలతో ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ వాళ్లు పంపిన 49 ఉపగ్రహాల్లో 38 పోయాయని నువ్వు రాశావు. అది కూడా సరిగ్గా ఈ కారణం వల్లే, అదీ చిన్నపాటి తుఫానుకే. ఈ రెండూ పక్కపక్కన పెట్టు. స్కైలాబ్ పేరు వింటే మన పెద్దవాళ్లలో సగం మందికి ఏదో ఒక కథ గుర్తొస్తుంది. ఈ విషయంలోకి మన పాఠకుడు దిగగలిగే మెట్టు అది.

ఇక 1859. దానికి నువ్వు నాలుగు లైన్లు ఇచ్చావు. నాకైతే అసలు వ్యాసం అక్కడే ఉంది.

సెప్టెంబరు 1 ఉదయం. లండన్‌కి దక్షిణాన రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన సొంత వేధశాలలో, టెలిస్కోపు నుంచి వచ్చే సూర్యబింబాన్ని ఒక పలక మీద పడేలా చేసుకుని సూర్యుడి మీది మచ్చలు గీసుకుంటున్నాడు. రోజూ చేసే పనే. 11 గంటల 18 నిమిషాలకు పెద్ద మచ్చల గుంపు మీద రెండు తెల్లటి వెలుగులు కనిపించాయి. తెరకి ఎక్కడో చిల్లు పడి ఎండ దూరిందేమో అని ముందు తన పరికరాన్నే అనుమానించాడు. కదిపి చూశాడు, చిల్లు కాదు. టైం రాసుకున్నాడు. తనతో పాటు ఇంకెవరైనా చూడాలని సాక్షి కోసం పరిగెత్తాడు. నిమిషం లోపే తిరిగొచ్చేసరికి ఆ వెలుగు అప్పటికే బాగా తగ్గిపోయింది. 11 గంటల 23 నిమిషాలకు ఏమీ లేదు.

ఆ పరుగు నీ వ్యాసంలో లేదమ్మా. ‘చరిత్రలోనే అతి భయంకరమైన తుఫాను’ అని ఉంది. చిల్లు పడిందేమో అన్న ఆ అనుమానం, ఆ పరుగు, తిరిగొచ్చాక ఆయన పడ్డ బాధ, ఇవి ఉంటే ‘భయంకరమైన’ అనే మాట నీకు అక్కర్లేదు. అదృష్టం కొద్దీ లండన్‌లోని హైగేట్‌లో రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే ఆయన కూడా అదే సమయానికి దాన్నే చూశాడు. లండన్ దగ్గర క్యూ అనే చోట ఉన్న వేధశాలలో, భూమి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సూది అదే నిమిషంలో చిన్నగా తుళ్లిపడింది. పదిహేడున్నర గంటల తర్వాత పెద్ద తుఫాను భూమిని తాకింది. ఇన్ని కళ్ల ముందు ఉన్నా, ఒక్కసారి చూసినదాన్ని బట్టి రెండిటినీ తొందరపడి ముడిపెట్టొద్దనే కారింగ్టన్ అన్నాడు. సూర్యుడి మీద జరిగినదానికీ భూమి మీద జరిగినదానికీ సంబంధం గట్టిపడటానికి ఆ తర్వాత దశాబ్దాలు పట్టింది.

నీ వ్యాసంలో జ్వాల, తుఫాను, సీఎంఈ (కరోనల్ మాస్ ఎజెక్షన్) మాటలు ఒకదాని బదులు ఒకటి వాడేశావు. పాఠకుడు తికమకపడతాడు. మన పల్లెల్లో ఎవరికైనా తెలిసినట్టు, ముందు మెరుపు కనిపిస్తుంది, గాలివాన తర్వాత వస్తుంది. కారింగ్టన్ చూసింది మెరుపు. ఆ వెలుగు ఎనిమిది నిమిషాల్లో మన దగ్గరికి వస్తుంది. విద్యుత్తు నిండిన వాయువు, దానితో పాటు అల్లుకున్న అయస్కాంత క్షేత్రం కలిసి బయల్దేరే మేఘం సీఎంఈ. దానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అది భూమి వైపే రావాలనీ లేదు. వచ్చినా దాని అయస్కాంత దిశ భూమి దిశకి ఎదురుగా ఉంటేనే భూమి అయస్కాంత కవచం తలుపు బాగా తెరుచుకుంటుంది. 2012 జూలైలో చాలా పెద్దది ఒకటి బయల్దేరింది కానీ మనం ఆ దారిలో లేము. ఇంత చెప్తే చాలు. మిగతా సాంకేతిక పేరాలు రెండూ తీసేయొచ్చు.

ఇప్పుడు నువ్వు పూర్తిగా వదిలేసిన చోటు గురించి చెప్తాను. ఇది చదువుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. బొంబాయిలో, కొలాబాలో.

కొలాబా వేధశాలలో 1841 నుంచి అయస్కాంత సూది కదలికలు చదివి పుస్తకంలో రాసేవాళ్లు. గంటగంటకీ చూడటం, అంకె వేయడం. సూది అలజడిగా ఉంటే ఇంకా దగ్గర దగ్గరగా చూడటం. 1859 సెప్టెంబరు 2న అమెరికాలో ఆకాశం ఎర్రబడింది, మామూలుగా ధ్రువాల దగ్గర ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు, ధ్రువ కాంతులు, క్యూబాలో కూడా కనిపించాయి. బొంబాయిలో తుఫాను పరాకాష్ఠకి వచ్చేసరికి పొద్దున పదకొండు దాటింది. పట్టపగలు. ఆకాశంలో చూడ్డానికి ఏమీ లేదు. బజార్లు నడుస్తున్నాయి, ఓడలు సరుకు దింపుతున్నాయి. ఆ ఊళ్లో ఒక్క సూదికి మాత్రమే తెలుసు, దాని ముందు కూర్చుని అంకెలు వేస్తున్నవాళ్లకి తెలుసు. అయస్కాంత బలం సుమారు 1600 నానోటెస్లాలు (ఆ బలాన్ని కొలిచే ప్రమాణం) పడిపోయింది. అంటే అక్కడ మామూలుగా ఉండేదాంట్లో నూటికి దాదాపు నాలుగు పాళ్లు. 2003లో సురుటానీ, లఖీనా, వాళ్ల తోటి శాస్త్రవేత్తలు ఆ పాత లెక్కలు తీసి ప్రపంచానికి చూపించారు. 1859 తుఫాను ఎంత పెద్దదో చెప్పడానికి ఇవాళ్టికీ అందరూ ముందు చూసేది ఆ కొలాబా పుస్తకాన్నే. ఆ 1600లో ప్రపంచమంతటికీ వర్తించేది ఎంత, ఆ చోటికి మాత్రమే చెందింది ఎంత అన్నది ఇంకా చర్చలోనే ఉంది. ఆ మాట కూడా నీ వ్యాసంలో ఉండాలి. దానివల్ల కథ బలం తగ్గదు.

ఇంకా ఉంది. బొంబాయిలో గుర్రాల ట్రాముల బదులు కరెంటు ట్రాములు రాబోతున్నాయని తేలాక, ఆ కరెంటు సూదిని చెడగొడుతుందని 1904లో అలీబాగ్‌లో ఇనుము వాడకుండా కొత్త వేధశాల కట్టారు. రెండు చోట్లా కలిపి రెండేళ్లు కొలిచి, పాత లెక్క కొత్త లెక్కతో తెగిపోకుండా అతికాకే కొలాబాలో కొలవడం ఆపారు. అలీబాగ్‌లో ఇప్పటికీ కొలుస్తున్నారు. లెక్క తెగకూడదని అంత పట్టుదల పట్టినవాళ్లకి నీ వ్యాసంలో ఒక పేజీ ఇవ్వు.

1859లో టెలిగ్రాఫ్ సంగతి బాగా రాశావు, ఒక్క సవరణ చాలు. తీగల నుంచి నిప్పురవ్వలు రాలాయన్న దగ్గర ఆగిపోయావు. అమెరికాలో బోస్టన్ ఆపరేటరు, పోర్ట్‌లాండ్ ఆపరేటరు మాట్లాడుకుని ఇద్దరూ బ్యాటరీలు తీసేశారు. తీగలో ఆకాశం నింపిన కరెంటుతోనే దాదాపు రెండు గంటలు వార్తలు పంపుకున్నారు. రవ్వలు అందరూ రాస్తారు. నాకు ఆ ఇద్దరు కావాలి.

ఫోన్ ఎందుకు పేలదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం ఊగినప్పుడు నేలలో కరెంటు పుడుతుంది. అది వందల కిలోమీటర్ల పొడుగున్న లైన్లలోకి ఎక్కుతుంది. జానెడు ఫోన్‌లోకి ఎక్కేంత ఉండదు. దెబ్బ తగిలేది కరెంటు గ్రిడ్‌కి, ట్రాన్స్‌ఫార్మర్లకి. ఉపగ్రహాలకీ, జీపీఎస్‌కీ, రేడియోకీ వేరే రకాల ఇబ్బందులు ఉంటాయి. సముద్రం అడుగు కేబుళ్ల గురించి నువ్వు రాసింది సగమే నిజం. గాజు తంతువులో పోయేది వెలుగు, దానికేమీ కాదు. దారిలో ఆ వెలుగుని బలపరిచే రిపీటర్లకి కరెంటు ఇచ్చే పొడుగాటి రాగి తీగ ఉంటుంది, ఆలోచించాల్సింది దాని గురించి. ‘ఏడాది పాటు ఇంటర్నెట్ ఉండదు’ అన్న వాక్యానికి ఆధారం లేదు, కొట్టెయ్.

కెనడాలోని క్యుబెక్ ఉంచు. 1989 మార్చి 13, తెల్లవారుజాము 2 గంటల 44 నిమిషాలు. ఒకటిన్నర నిమిషంలో గ్రిడ్ మొత్తం కుప్పకూలింది, 60 లక్షల మందికి తొమ్మిది గంటలు కరెంటు లేదు. కానీ అక్కడే ఎందుకు అన్నది రాయి. ఆ నేల కింద ఉన్నది పురాతనమైన గట్టి రాయి, కరెంటుని సరిగా పోనివ్వదు. అందుకని అది పైన ఉన్న లైన్ల దారి పట్టింది. 1921, 2003 తీసెయ్. 1972లో వియత్నాం తీరంలో సముద్రపు మైన్లు వాటంతట అవే పేలడం మంచి కథే, ఇంకో వ్యాసానికి దాచుకో.

గుంటూరుని కూడా దాచుకో. 1868 ఆగస్టు 18 సూర్యగ్రహణం రోజు ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో నిలబడి సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగుని విడదీసి చూశాడన్నది నాకూ గర్వమే. కానీ అది హీలియం కథ. మన ఊరి పేరు కోసం లాక్కొచ్చి పెట్టినట్టుంది. మన ప్రాంతానికి నిజమైన సంబంధం వేరే ఉంది, చివర్లో చెప్తాను.

ఒకటి మాత్రం చేర్చు. 1204 ఫిబ్రవరిలో జపాన్‌లోని క్యోటోలో ఫుజివారా నో తెయికా అనే కవి రాత్రి ఉత్తరం వైపు ఆకాశంలో ఎర్రటి ఆవిరి చూశాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ కనిపించింది. అదేమిటో ఆయనకి తెలీదు, భయం వేసిందనే రాసుకున్నాడు. కానీ ఏ రోజు, ఏ దిక్కున, ఏ రంగులో అన్నది కూడా డైరీలో రాశాడు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత శాస్త్రవేత్తలు ఆ పేజీ తెరిచి, అది సౌర తుఫాను తెచ్చిన ధ్రువ కాంతి అని తేల్చారు. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కెమెరాలకి చిక్కిన ఎరుపు కూడా అలాంటిదే. నువ్వు కవిత్వం నుంచి వచ్చినదానివి. కథలో ఈ కవి ఉంటే నీ వాక్యం మారుతుందని నా నమ్మకం.

ఇప్పుడు మన సంబంధం. సూర్యుణ్ణి చూడ్డానికి ఇస్రో పంపిన ఆదిత్య ఎల్1 శ్రీహరికోట నుంచి లేచింది 2023 సెప్టెంబరు 2న. కొలాబాలో సూది పడిపోయిన తేదీ అదే, నూట అరవై నాలుగేళ్ల తర్వాత. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో సూర్యుడి వైపు నిలబడి, వచ్చే గాలిని మనకంటే ముందు తాకి చూస్తోంది. ఇది నీకు తెలుసు, రాశావు కూడా. నీకు తెలీనిది ఇంకొకటి ఉంది. నువ్వు ప్రతి శనివారం సూర్యాపేట బస్సులో వెళ్లే దారిలోనే చౌటుప్పల్ దగ్గర ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్ల అయస్కాంత వేధశాల ఉంది. హైదరాబాద్‌ ఉప్పల్‌లో వాళ్ల పాత వేధశాల చుట్టూ నగరం పెరిగి రొద ఎక్కువయ్యాక అక్కడ పెట్టుకున్నారు. ట్రాముల భయంతో కొలాబా నుంచి అలీబాగ్ వెళ్లినట్టే. కొలాబాలో చేసిన పనే, ఇప్పుడు క్షణక్షణానికీ అక్కడ జరుగుతోంది.

రెండో ప్రతి రాసేముందు ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకో, ఒక శనివారం అక్కడ బస్సు దిగు. పరికరాల దగ్గరికి ఇనుము ఉన్నదేదీ తీసుకెళ్లకూడదు. తాళంచెవులు, ఫోను, జడపిన్నులు బయటే పెట్టాలి. నువ్వు వాడే పెన్నులో స్ప్రింగు ఉంటుంది, పెన్సిల్ పట్టుకెళ్లు.

నీ
మాస్టారు