జీపు డ్రైవర్ని ఎందుకు చంపావు?

చిత్తూరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదువుతూ చదువుతూ చివరి పేరా దగ్గర కాగితాలు మంచం మీద పడేశాను. మా ఇంటామె వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. ఒక పిల్లోడు అన్యాయంగా మనిషిని చంపేశాడని చెప్పాను.

ఆ జీపు డ్రైవర్ని ఎందుకు చంపావు నాయనా?

తిరుపతిలో లీలామహల్ దగ్గర టీ అంగడి. ఫోన్ బిస్కెట్ల సీసాకు ఆనించి పదిమంది మైక్ టైసన్ బాక్సింగ్ ఆట చూస్తున్నారు. యాభై ఎనిమిదేళ్ళ టైసన్ గెలుస్తాడని డ్రైవరు పందెం కాశాడు. ఇరవై ఏడేళ్ళ జేక్ పాల్ ఆయన్ని పడగొట్టి గెలిచాడు. డ్రైవరు గుండె పట్టుకుని బెంచీ మీద ఒరిగిపోయాడు. కథ సమాప్తం. పందెం పోయిన ప్రతివాడూ ఇట్లా పోతూ ఉంటే ఐపీఎల్ ముగిసేసరికి ఊళ్ళో మగవాళ్ళు మిగలరు.

ఆట ఆగిపోయి తెర మీద ఆ బఫరింగ్ చక్రం తిరుగుతున్నంతసేపూ టీ గ్లాసు పెదవికి ఆనించుకుని ఎవరూ గుటక వేయలేదని రాశావు చూడు, అది బాగుంది. ఆ రోజు నెట్‌ఫ్లిక్స్ ప్రపంచమంతా అట్లాగే మొరాయించింది కూడా.

కథ ఎన్ని పేజీలు ఉండాలి, ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని మూడు ప్రశ్నలు రాశావు. అవన్నీ తర్వాత. ముందు పందెం సంగతి తేలాలి.

వయసు మళ్ళిన బాక్సర్ గెలుస్తాడా ఓడతాడా అని నలుగురు వాదించుకుంటున్నారంటే, వాళ్ళు ఆ బాక్సర్ గురించి మాట్లాడడం లేదు. ఎవడి మోకాలి గురించి వాడు మాట్లాడుతున్నాడు. ఎవడి కొడుకు గురించి వాడు, ఎవడి రిటైర్మెంట్ గురించి వాడు. ఇది నాకు బాగా తెలుసు. ఎవడు ఎవరి మీద ఎందుకు కాశాడన్నదే కథ. ఎవరు గెలిచారన్నది మర్నాడు పేపర్లో వస్తుంది, దానికి నువ్వెందుకు?

నీ కథలో ఐదుగురు మాట్లాడతారు. పేర్లు తీసేస్తే ఎవరి మాట ఎవరిదో నేను చెప్పలేను. అందరూ టీవీలో కామెంటరీ చెప్పేవాళ్ళలాగా 'ఇది అనుభవానికీ యవ్వనానికీ మధ్య పోరాటం' అంటారు. 'వయసు ఒక అంకె మాత్రమే' అని కూడా ఒకడి చేత అనిపించావు. లీలామహల్ దగ్గర ఎవడైనా అట్లా మాట్లాడగా విన్నావా? 'ముసలోడికి ఊపిరి యాడుందబ్బా, మూడో రౌండుకే నాలిక బయటపెడతాడు' అంటాడు. వినబడినట్టు రాయి.

ఇంకొకటి. పన్నెండు రౌండ్లు, మూడేసి నిమిషాలు అని రాశావు. కాదు. ఆ ఆట ఎనిమిది రౌండ్లే, ఒక్కోటి రెండు నిమిషాలు. హెవీవెయిట్లు మామూలుగా వేసుకునే పది ఔన్సుల గ్లోవ్స్ బదులు పద్నాలుగు ఔన్సులవి వేసుకున్నారు. నీ తప్పులు ఏరడం నాకు సరదా అనుకోకు. వాదనంతా అక్కడే ఉంది, నువ్వు దాన్ని వదిలేసి పోయావు. రెండు నిమిషాల రౌండంటే పెద్దాయన ఊపిరికి మేలు. మరి గ్లోవ్స్ మందమైతే? కాళ్ళు పోయినా, చూపు తగ్గినా, బాక్సర్‌కు చివరిదాకా మిగిలేది దెబ్బలో బలం ఒక్కటే. ఆ దెబ్బకే మెత్త వేశారు. ఒక షరతు ముసలాయనకు అనుకూలం, ఇంకోటి ఆయనకే ఎదురు. ఈ రెండు ముక్కలూ టీ అంగడిలో వేసి చూడు, సాయంత్రం దాకా కొట్టుకుంటారు.

అసలు ఆ ఆట 2024 జూలై 20న జరగాల్సింది. టైసన్‌కు అల్సర్ తిరగబెట్టి నవంబర్ 15కు వాయిదా పడింది. నీ కథలో కల్యాణకట్టలో గుండ్లు కొట్టే ఆయన ఉన్నాడు కదా, ఊరికే కూర్చోబెట్టావు. ఆయనకు అల్సర్ ఉందనుకో. షిఫ్టుల డ్యూటీలో వేళకు తిండి లేనివాడికి అది ఉండడం వింతేమీ కాదు. 'ఆ నొప్పి నాకు తెలుసు, పిడికిలి బిగిస్తే కడుపులో మెలిపెడుతుంది' అని ఆయన ఒక్క మాటంటే చాలు, టైసన్ ఓడతాడని ఆయన ఎందుకంటున్నాడో చదివేవాడికి తెలిసిపోతుంది. ఇంకో సంగతి. జనమంతా టైసన్ పిడికిలి చూస్తారు. గుండ్లు కొట్టేవాడు మెడ చూస్తాడు. రోజూ వందల మెడలు వంచేవాడు ఇంకేం చూస్తాడు?

ముసలి బాక్సర్ల మీద వాదన మొదలైతే రెండు ఆటలు తప్పకుండా బయటికొస్తాయి. ఆశపడేవాడు 1994 తీస్తాడు. నవంబర్ 5, లాస్ వేగాస్. జార్జ్ ఫోర్‌మన్‌కు 45 ఏళ్ళు, ఎదుట మైఖేల్ మూరర్‌కు 26. తొమ్మిది రౌండ్లయ్యేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ ఫోర్‌మన్ వెనకబడి ఉన్నాడు. పదో రౌండులో కుడిచెయ్యి విసిరాడు, మూరర్ వెల్లకిలా పడ్డాడు. ఆ రాత్రి ఫోర్‌మన్ వేసుకున్న ఎర్ర నిక్కరు ఇరవై ఏళ్ళ కింద, 1974లో, ఆఫ్రికాలోని జైర్‌లో మహమ్మద్ అలీ చేతిలో ఓడినప్పుడు వేసుకున్నదే. (మన తిరుమల కొండకు రెండో ఘాట్ రోడ్డు వచ్చింది కూడా ఆ 1974లోనే. నీ డ్రైవరుకు ఈ రెండో సంగతి తెలిసుంటుంది.)

భయపడేవాడు 1980 తీస్తాడు. అక్టోబర్ 2, అదే లాస్ వేగాస్. అలీకి 38. ఎదుట లారీ హోమ్స్, ఒకప్పుడు అలీ దగ్గరే ప్రాక్టీసుకు దెబ్బలు తిన్నవాడు. అలీ చేతులు లేవలేదు. పదో రౌండు కాగానే అలీ కోచ్ ఆంజెలో డండీ చాలు, ఆపేయండి అన్నాడు. 1994లో ఫోర్‌మన్ మూలలో నిలబడిందీ ఆ డండీనే.

ఈ రెండింటికీ తేడా ఎక్కడుంది? ఫోర్‌మన్ కాళ్ళ మీద ఆధారపడినవాడు కాదు. నిలబడి కొట్టేవాడు. అలీ బతుకంతా కాళ్ళు, కళ్ళు. వయసు ముందు వాటినే తీసుకుపోతుంది. టైసన్ పొట్టివాడు, పాల్ ఆయనకంటే పొడుగు. తల ఊపుకుంటూ కింద నుంచి లోపలికి దూరితే తప్ప టైసన్ దెబ్బ తగలదు. దూరాలంటే కాళ్ళు కావాలి. 2005లో కెవిన్ మెక్‌బ్రైడ్ మీద ఆరో రౌండు తర్వాత స్టూలు మీద నుంచి లేవకుండా మానుకున్న మనిషి, పంతొమ్మిదేళ్ళ తర్వాత ఆ కాళ్ళు ఎక్కడి నుంచి తెస్తాడు?

నీ డ్రైవరుకు ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి. దిగే దారిలో మలుపుల మీద ఏళ్ళ తరబడి బ్రేకు తొక్కిన కాలు ఆయనది. 'పాత బండి కొండ ఎక్కుతుందా అని అందరూ అడుగుతారు. ఎక్కుతుంది. దిగేటప్పుడే తెలుస్తుంది దాని సంగతి' అనే మనిషి. అన్నీ తెలిసి కూడా టైసన్ మీదే కాశాడు. ఎందుకు? అది నువ్వు అడగలేదు. అడిగి ఉంటే ఆయన్ని చంపే పనే ఉండేది కాదు. ఆయన కొడుకు బండి అమ్మేయమని పోరుతున్నాడేమో. కళ్ళ పరీక్షకు పొమ్మని చెప్పారేమో. 1988లో మైఖేల్ స్పింక్స్‌ను టైసన్ 91 సెకన్లలో పడగొట్టిన కథ కుర్రతనంలో విని, ఆ పేరే బండి వెనకాల రాయించుకున్నాడేమో. లేకపోతే ఉత్త మొండితనమేమో. ఏదో ఒకటి నువ్వు తేల్చుకోవాలి, నేను కాదు.

అమెరికాలో శుక్రవారం రాత్రి ఆట అంటే మనకు శనివారం పొద్దున, పది దాటాక. ముందురోజు కార్తీక పున్నమి. కార్తీకమాసం, శనివారం, తిరుపతి! జీపులకు ఒక్క నిమిషం తీరిక ఉంటుందా? 'ఆ పొద్దు వీధులు ఖాళీగా ఉన్నాయి' అని ఎట్లా రాశావు? ఊరు కిటకిటలాడుతుంటే, ఎదురుగా సంచులతో జనం 'కొండకు వస్తావా' అని అడుగుతుంటే, రానని తల అడ్డంగా ఊపి టీ అంగడిలో కూర్చున్నాడంటే ఆయన అప్పటికే పందెం కాసినట్టు. డబ్బులు పోవడం తర్వాతి మాట. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు కూడా ఒకరిద్దరు ఉండితీరాలి అక్కడ. మాలలో ఉన్నాం, పందెం కాయకూడదు కాబట్టి అందరికంటే గట్టిగా వాళ్ళే అరుస్తారు.

ఫలితం కూడా నువ్వనుకున్నట్టు లేదు. ఎవరూ పడిపోలేదు. ఎనిమిది రౌండ్లూ నడిచింది. 80-72, 79-73, 79-73 అని ముగ్గురు జడ్జీలూ పాల్‌కే ఇచ్చారు. టైసన్ ఆటంతా గ్లోవ్ కొరుక్కుంటూ తిరిగాడు. 'ముసలోళ్ళకు ఏం జరిగినా పదో రౌండులోనే జరుగుతాది, దీంట్లో పదో రౌండే లేదు గదరా' అనే వెటకారంగాడు ఒకడు ప్రతి అంగడిలో ఉంటాడు. వాడి మాట నిజమే. ఫోర్‌మన్ గెలిచింది, అలీ ఆట ఆగింది, 1990లో టోక్యోలో కుర్ర టైసన్ బస్టర్ డగ్లస్ చేతిలో పడిందీ పదిలోనే. ఆఖరి గంట మోగే ముందు పాల్ వంగి టైసన్‌కు నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం చూసి ఎవరేమన్నారు? కొట్టినదానికంటే అదే ఎక్కువ నొప్పి అని ఎవడైనా అన్నాడా? సంస్కారం అని మెచ్చుకున్నారా? డ్రైవరు ఏమన్నాడు? నీ కథలో ఆ సమయానికి ఆయన శవమై ఉన్నాడు. నీ దగ్గరున్న మంచి ఘట్టమంతా చచ్చినవాడి ముందు జరిగిపోయింది.

ఇంత కోపం ఎందుకంటే, చెబుతాను విను.

నేను చిత్తూరు పక్కన పల్లెలో అయ్యవారుగా ఉన్న రోజుల్లో, కనుమ పండగనాడు చెడుగుడు ఆడేవాళ్ళు. ఊళ్ళో ఒక పాత ఆటగాడు ఉండేవాడు. నలభై దాటి చాలా కాలమైంది, పొట్ట వచ్చింది. ఆ ఏడు మళ్ళీ కూతకు పోతానని గోచీ బిగించాడు. పోతాడు, పోలేడు అని చింతచెట్టు కింద ఊరంతా రెండుగా చీలింది. నాకు ఆట కంటే ఆ చెట్టు కింద మాటలు నచ్చాయి. పోలేడని అందరికంటే గట్టిగా అన్నది ఆయన తమ్ముడు. ఇద్దరికీ గట్టు తగాదా ఉంది. పోతాడని అన్నది ఆయన ఒకప్పుడు ఓడించిన మనిషి. ఆయన పోయాడు. ఇద్దరిని తాకాడు. గీత ఇంకా జానెడు దూరం ఉండగా కూత తెగిపోయింది. లేచి, మోకాలి మట్టి దులుపుకుని, బోరింగు దగ్గరికి పోయి నీళ్ళు తాగాడు. నేను రాసిన కథ అక్కడితో ఆగింది.

వారపత్రికకు పంపాను. వేసుకున్నారు. పుస్తకం చేతికొచ్చాక చూస్తే కింద నేను రాయని రెండు వాక్యాలున్నాయి. 'తెల్లవారింది. ఆయన మాత్రం లేవలేదు.' ఎడిటరుగారి చేతి చలవ. ఆ కాలంలో కథకు కొసమెరుపు లేకపోతే ఎడిటర్లకు అన్నం సయించేది కాదు. ఉత్తరం రాస్తే 'పాఠకులు ముగింపు కోరుకుంటారు' అని కార్డు ముక్క పంపించాడు. పాఠకుల పేరు చెప్పి ఎడిటర్లు ఎన్ని హత్యలు చేశారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇప్పుడు మీరు దాన్ని ట్విస్టు అంటున్నారు, అంతే. ఓటీటీ చూసి చూసి ప్రతి టీ అంగడి కిందా ఒక శవాన్ని పాతిపెడుతున్నారు.

ఆ ఆటగాడికి మనవడు కథ చదివి వినిపించాడు. సాయంత్రం స్కూలు వదిలే వేళకు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. 'ఏం అయివారూ, నన్ను చంపేసినారంటనే' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, నాకు మాట పెగల్లేదు. పత్రిక వాళ్ళ మనియార్డరు వచ్చాక చిత్తూరు తీసుకుపోయి గాంధీ బొమ్మ దగ్గర హోటల్లో దోసెలు తినిపించాను. ఇంకో రెండు చెప్పమన్నాడు. ఆ తర్వాత చాలా కాలం బతికాడు, తమ్ముడితో తగాదా కోర్టు దాకా తీసుకుపోయాడు కూడా.

టైసన్ అమెరికావాడు, మనకెందుకు అనే విమర్శకులు నీకు ఎదురవుతారు. వాళ్ళ మాట పట్టించుకోకు. కానీ మన ఇంటి పక్కన జరిగినదాన్ని కూడా ఎవరూ సరిగ్గా రాయలేదు. 2019 డిసెంబర్ చివర్లో ఢిల్లీలో సెలెక్షన్ ట్రయల్. మేరీ కోమ్‌కు 36 దాటాయి, నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్‌కు 23. ట్రయల్ పెట్టమని అడిగి మరీ తెచ్చుకుంది ఆ పిల్ల. మేరీ కోమ్ 9-1తో గెలిచింది, చెయ్యి కలపలేదు. 2022 మేలో ఇస్తాంబుల్‌లో నిఖత్ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆ ట్రయల్ రోజున తెలుగువాళ్ళ ఇళ్ళలో ఎవరు ఎవరివైపు ఉన్నారు? మన పిల్ల గెలవాలి, ఆ తల్లి ఓడకూడదు అని రెండూ కోరుకున్నవాళ్ళు ఎంతమంది? అత్తాకోడళ్ళు ఉన్న ఇంట్లో ఆ ఆట పెట్టి చూడు.

ఈ కథ మాత్రం వదలకు. ముందు ఆ ఐదుగురికీ ఐదు గొంతులు తెచ్చుకో. జీపు స్టాండులో రెండు మూడు పొద్దులు కూర్చో, ఫోన్ తీయకుండా. డ్రైవరు పందెం డబ్బులు ఎట్లా కట్టాడో, ఏ నోట్లు, ఏ జేబులోంచి తీశాడో నాకు కనబడాలి. ఆ తర్వాత కొండకు ఎవర్ని ఎక్కించుకున్నాడో, దారిలో వాళ్ళతో ఏం మాట్లాడాడో రాయి.

తిరగరాసింది ఫోన్లో పంపకు, నా కళ్ళకు ఆనదు. కాస్త పెద్ద అక్షరాలతో ప్రింటు తీసి, కాగితానికి ఒకవైపే ఉండేలా పోస్టులో వెయ్యి. చిత్తూరు వచ్చే పని ఉంటే ఆదివారం పొద్దున రా, మధ్యాహ్నం నేను పడుకుంటాను. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ అయ్యవారు