మొదటి చెస్ రేటింగ్ టోర్నమెంటుకు వెళ్తున్న శ్రీకర్‌కు

నాన్నా శ్రీకర్,

పెదనాన్న ఆశీస్సులు. చెస్‌లో ఆటగాడి బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్ కోసం టోర్నమెంటుకు పేరు ఇచ్చావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఇంకా ఎన్ని ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు, నేర్చుకోవాలని అడిగావట. వచ్చినవి చాలు. మీ స్థాయి ఆటలు పదో ఎత్తులో తేలిపోవు. బాగా ఆడుకుంటూ వచ్చి, గెలుపు కనబడగానే తొందరపడతారు చూడు, అక్కడ పోతాయి.

ఒకటి బోర్డు మీద పెట్టి చూడు. నీవి తెల్లపావులు. క్యాస్లింగ్ అయింది, అంటే ఒకే ఎత్తులో రాజు రెండు గడులు పక్కకు జరిగి, ఏనుగు అతన్ని దాటి పక్కన చేరింది. రాజు జీ1 గడిలో ఉన్నాడు, ముందున్న ఎఫ్2, జీ2, హెచ్2 బంట్లు కదల్లేదు. నీకు ఒక బంటు ఎక్కువే. ఏ7లో ఇంకో బంటు ఊరికే దొరుకుతోందని మొదటి వరసకు కాపలా ఉన్న ఒక్క ఏనుగునూ పంపించావు. అవతలివాడి ఏనుగు డీ1కి దిగింది. అడ్డం పెట్టడానికి పావు లేదు, ఆట కట్టు. అంతకుముందే హెచ్2 బంటును ఒక్క గడి జరిపి ఉంటే రాజు తప్పుకునేవాడు.

అందుకే అవతలివాడి ఎత్తు స్కోర్ షీట్‌లో, అంటే ఎత్తులు రాసుకునే కాగితంలో, రాసేదాకా నీ ఎత్తు గురించి ఆలోచించకు. వాడు ఎందుకలా ఆడాడో చూడు. నీ ఎత్తు కుదిరాక కూడా చెయ్యి ఒళ్లోనే ఉంచుకుని, దానికి వాడు ఇవ్వగల చెక్‌లు, కొట్టగల పావులు ఒకసారి లెక్కపెట్టుకో. 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్లు కలిసే ఆటలో దీనికి టైమ్ ఉంటుంది.

ఆట చివర్లోనూ ఇంతే జాగ్రత్త. హెచ్8లో అవతలివాడి ఒంటరి రాజు మిగిలితే నీ మంత్రిని జీ6లో పెట్టకు. చెక్ ఉండదు, వాడికి కదలడానికి గడీ ఉండదు, గెలవాల్సిన ఆట డ్రా అయిపోతుంది.

ముట్టుకున్న పావునే ఆడాలని నీకు తెలుసు. క్యాస్లింగ్‌కు మాత్రం ముందు రాజునే పట్టుకో. ఏనుగును ముందు ముడితే ఆ వైపు చేయనివ్వరు. పావు కదిపిన చేత్తోనే క్లాక్ నొక్కాలి. ఫోన్ మీ నాన్నకు ఇచ్చేసి హాల్లోకి వెళ్లు. డ్రా అడగాలంటే ఎత్తు వేశాక, క్లాక్ నొక్కకముందు అడగాలి. రేటింగ్ ఎక్కువున్న ఆటగాడు డ్రా అడిగితే పొంగిపోయి చెయ్యి కలపకు. బోర్డు చూసి జవాబు చెప్పు.

ఓడినా ఎవరూ బయటికి పోకుండా అన్ని రౌండ్లూ ఆడే స్విస్ పద్ధతిలో మొదటి రౌండు రేటింగ్ వరసలో పై సగం వాళ్లకూ కింది సగం వాళ్లకూ పడుతుంది. నీకు రేటింగ్ లేదు కాబట్టి బలమైనవాడే ఎదురవుతాడు. ఓడితే టెన్షన్ పడకు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో మన కోనేరు హంపి మొదటి రౌండు ఓడిపోయి, చివరికి ప్రపంచ మహిళల ర్యాపిడ్ (తక్కువ టైమ్‌లో ఆడే చెస్) టైటిల్ గెలిచారు. ఆట అయ్యాక, అవతలి ఆటగాడు ఒప్పుకుంటే బయట కూర్చుని ఇద్దరూ మళ్లీ వేసి చూసుకోండి. స్కోర్ షీట్లన్నీ దాచి తీసుకురా, ఆదివారం కలిసి చూద్దాం.

మీ పెదనాన్న