అల్లుడికి, ఆర్‌ఎక్స్ బండి గురించి

అల్లుడూ,

నువ్వు పాత యమహా బైకు ఆర్‌ఎక్స్ 100 కొన్నావని, దాన్ని డ్రాగ్ రేసుకు, అంటే తిన్నగా కొద్ది దూరం పెట్టే స్పీడ్ పందేనికి, తయారు చేసి చెన్నై తీసుకుపోతావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చెప్తూ ఏడ్చింది. ఆమెకు ధైర్యం చెప్పి పెట్టేశాను గానీ, రాత్రి నాకూ నిద్ర పట్టలేదు. 1996లోనే తయారీ ఆగిపోయిన బండి మీద నీకింత మనసు పడిందంటే నాకు గర్వంగానే ఉంది. అయిదేళ్లప్పుడు నా షెడ్డులో కూర్చొని నట్లు ఏరి సైజుల వారీగా డబ్బాల్లో వేసేవాడివి. ఆ పిల్లాడు ఇప్పుడు ఫుల్ యాక్సిలరేటర్ మీద కూర్చుంటాడంటే భయం కూడా అంతే ఉంది.

నల్లగొండ రోడ్ల మీద రేసు పెట్టుకోవద్దు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద అది నేరం. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, దేశంలో మోటార్ రేసులు చూసే సంఘం ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్ తీసుకొని అక్కడ నడుపు. టైర్లు, బ్రేక్ షూలు, చైన్ కొత్తవి వేయించు. ఇవి నీకు తెలిసినవే.

ఇక గేరింగ్. ముందు స్ప్రాకెట్‌కు, అంటే చైన్ తిప్పే పళ్ల చక్రానికి, ఒక పన్ను పెంచితే స్పీడ్ వచ్చేస్తుందని అందరూ చెప్తారు. 14 పళ్ల చోట 15 వేస్తే అదే ఆర్‌పీఎంకు (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లకు) స్పీడ్ 7 శాతం పెరగాలి, లెక్క ప్రకారం నిజమే. కానీ దాన్ని లాగే బలం ఇంజన్‌లో ఉండాలి కదా. గాలిని చీల్చుకుంటూ స్పీడ్ పదో వంతు పెంచాలంటే పవర్ మూడో వంతు పెరగాలి. కంపెనీ ఇచ్చింది 11 హార్స్‌పవర్, అదీ 7500 ఆర్‌పీఎం దగ్గర. గేరింగ్ మరీ పెంచితే నాలుగో గేర్లో ఇంజన్ ఆ 7500 దాకా ఎక్కలేకపోతుంది, మూడో గేర్లోనే ఎక్కువ పోతుంది. పావు మైలు రేసయితే ఉన్నది 402 మీటర్లే. గీత దాటేటప్పటికి టాప్ గేర్లో పవర్ వచ్చే ఆర్‌పీఎం మీద ఉండాలి, అంతే. వెనక స్ప్రాకెట్లు రెండు మూడు సైజులు వెంట తీసుకుపోయి ట్రాక్ మీదే మార్చి చూసుకో.

ఎగ్జాస్ట్ పోర్ట్, అంటే సిలిండర్‌లోంచి పొగ బయటికి పోయే రంధ్రం, ఎత్తు పెంచితే పవర్ పై ఆర్‌పీఎంకు జరుగుతుంది, కింద పికప్ పోతుంది. సైలెన్సర్ కూడా దానికి తగ్గ పొడవుది ఉండాలి. బయటికి జారిపోయిన కొత్త మిక్చర్‌ను (పెట్రోల్, గాలి కలిసినదాన్ని) తిరిగి సిలిండర్‌లోకి నెట్టేది ఆ గొట్టంలో వెనక్కి మళ్లిన ఒత్తిడే. పోర్ట్ ఒక పద్ధతి, గొట్టం ఒక పద్ధతి అయితే చేసిన పనంతా దండగ. పోర్ట్‌ను కొంచెం కొంచెంగా అరగదీయి, అరిగిన ఇనుము మళ్లీ రాదు.

నాకు అసలు టెన్షన్ మెయిన్ జెట్ గురించి, కార్బురేటర్‌లో పెట్రోల్ ఎంత పోవాలో నిర్ణయించే ఆ చిన్న రంధ్రం గురించి.

నాకు పని నేర్పిన మా ఉస్తాద్ కొడుకు నాకంటే పెద్దవాడు, నాకంటే మంచి పనివాడు. ఒక మే నెలలో, 44 డిగ్రీల ఎండలో, తన ఆర్‌ఎక్స్‌ను ట్యూన్ చేసుకున్నాడు. బండి పొగ పెడుతోంది, బరువుగా లాగుతోంది అని జెట్ ఒక నంబర్ తగ్గించాడు. చురుకైంది. ఇంకో నంబర్ తగ్గించాడు. అది షెడ్డు ముందు నుంచి పోతుంటే సౌండ్ వినడానికి మేమంతా పని ఆపేవాళ్లం. పెట్రోల్ తగ్గించిన కొద్దీ ఆర్‌ఎక్స్ లాంటి టూ-స్ట్రోక్ ఇంజన్ హుషారుగానే తిరుగుతుంది, లోపల మాత్రం వేడి పెరుగుతూ ఉంటుంది.

అదే జెట్‌తో డిసెంబర్ వచ్చింది. ఒకరోజు తెల్లవారుజామున ఇద్దరం రెండు బండ్ల మీద మిర్యాలగూడ బయల్దేరాం. మే మధ్యాహ్నం గాలి కంటే ఆ చలిగాలి పదో వంతు బరువెక్కువ. జెట్ అదే, లోపలికి పోయే గాలి మాత్రం పెరిగింది, దానికి తగ్గ పెట్రోల్ లేదు. తిప్పర్తి దాటాక రోడ్డు ఖాళీగా ఉందని ఫుల్ ఇచ్చాడు. నేను కాస్త వెనక, పక్కగా ఉన్నాను. ముందు సౌండ్ పలచబడింది. మరుక్షణం సౌండే లేదు. ఇంజన్ పట్టేసి వెనక చక్రం లాక్ అయింది, తారు మీద నల్లగా గీత పడింది. రోడ్డు పక్కన ఆరబోసిన వడ్ల మీద బండి జారిపోయింది. ఆయన ఎడమచేతి వేళ్లన్నీ గ్రిప్ చుట్టే ఉన్నాయి, ఒక్క వేలు కూడా క్లచ్ మీద లేదు. క్లచ్ పట్టి ఉంటే చక్రం విడిపోయేది. తొడ ఎముక విరిగింది. మళ్లీ బండి నడపలేదు.

సాయంత్రం ఇంజన్ నేనే విప్పాను. ఎగ్జాస్ట్ వైపు పిస్టన్ కరిగి సిలిండర్ లోపలి గోడకు పూసుకుపోయింది, రింగు గాడిలోనే అతుక్కుంది. ప్లగ్ పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. అంతకు ముందే ఒక్కసారి విప్పి చూసినా ఆ తెలుపు కనిపించేది. ఉస్తాద్ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆ ప్లగ్ చేతిలో పట్టుకొని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.

అందుకే చెప్తున్నా, ఇందులో ఒక్కటి వదిలినా ఊరుకోను. పెద్ద జెట్‌తో మొదలుపెట్టి ఒక్కో నంబరే దిగు. దిగిన ప్రతిసారీ కొత్త ప్లగ్ వేసి ఫుల్ మీద నడిపి, క్లచ్ పట్టి ఇంజన్ అక్కడే ఆపి, ప్లగ్ విప్పు. లోపల పింగాణీ కాఫీ రంగులో ఉండాలి. అంతకంటే తెల్లబడితే వెంటనే పెద్ద జెట్ వెయ్యి. వాతావరణం మారితే మళ్లీ మొదటి నుంచి చూడు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి అదే జెట్‌తో మిక్చర్ ఇంకా పలచనవుతుంది, అందుకని పాత పుస్తకంలోని నంబర్ గుడ్డిగా వేయకు. క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే రబ్బరు సీల్ పాతదైతే అక్కడి నుంచి కూడా గాలి పీల్చి పిస్టన్‌ను తింటుంది, ముందే మార్పించు. ఆయిల్ పంపు తీసేస్తే లీటరుకు 40 మిల్లీలీటర్లు కొలిచి కలుపు, అందాజాగా పోయకు. ఫుల్ మీద ఉన్నంతసేపూ రెండు వేళ్లు క్లచ్ మీద ఉండాలి. సౌండ్ మారిందనిపిస్తే ఆలోచించకుండా పట్టెయ్. రేసు పోతే పోనీ.

మీ అమ్మకు నువ్వు పంపిన ఫొటో నాకూ పంపింది. బండి మీద కూర్చున్నావు, తల మీద హెల్మెట్ లేదు. ఇంకోసారి అలా చూస్తే తాళం చెవి నేనే తీసుకుంటా.

దసరాకు బండి మీద రావద్దు, బస్సులో రా. సిలిండర్, హెడ్, కార్బురేటర్ విప్పి గోనెసంచిలో తెచ్చుకో. లేత్ ఆయనకు చెప్పి పెడతాను. పోర్ట్ మనిద్దరం కలిసి అరగదీద్దాం.

నీ మామ