నాన్న యుద్ధంలో ఎక్కడున్నారో తెలుసుకోవాలనుంది, అమ్మ వద్దంటోంది

ప్రశ్న: మా నాన్న ఆర్మీలో చేసి హవల్దారుగా రిటైరయ్యారు. 1971 యుద్ధం నాటికి సర్వీసులోనే ఉన్నారు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తేవారు కాదు, డిసెంబరు 16న టీవీలో విజయ్ దివస్ కార్యక్రమం వస్తే లేచి బయటికి వెళ్లిపోయేవారు. మా బాబాయి మాత్రం పెళ్లిళ్లలో అందరి ముందూ "మా అన్న చేసిన యుద్ధమేంటి, లారీ తోలాడు" అనేవాడు. నాన్న కిందటేడు పోయారు. ఆయన ట్రంకు పెట్టెలో మూడు మెడల్స్, అమ్మకు రాసిన ఉత్తరాల కట్ట, ఒక గ్రూపు ఫొటో, చినిగిన డిశ్చార్జి బుక్ దొరికాయి. ఆయన ఎక్కడ పనిచేశారో, ఏం చూశారో తెలుసుకోవాలని చాలా ఉంది. అమ్మ "ఆ పెట్టె జోలికి పోవద్దు" అంటోంది, గట్టిగా అడిగితే ఏడుస్తోంది. తమ్ముడేమో మెడల్స్ ఫ్రేము కట్టించి వాళ్లింట్లో పెట్టుకుంటానంటున్నాడు. నేను వెతకడం తప్పా? ఒకవేళ బాబాయి మాటే నిజమైతే?

జవాబు: తప్పు కాదమ్మా. తండ్రి జీవితంలో పిల్లలకు తెలియని భాగం ఉంటే దాన్ని తెలుసుకోవాలనిపించడం సహజం, అందుకు మీరు ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే మీరు మూడు విషయాలు ఒకేసారి వెతుకుతున్నారనిపిస్తోంది. నాన్న 1971లో ఎక్కడున్నారు, ఎందుకు అంత మౌనంగా ఉండిపోయారు, బాబాయి అన్నది అబద్ధమని ఎలా తేల్చాలి. మొదటిదానికి కాగితాలున్నాయి, ఓపిక ఉంటే దొరుకుతుంది. రెండోదానికి ఏ రికార్డాఫీసులోనూ జవాబుండదు. మూడోదాని సంగతి కాసేపట్లో చెబుతాను, అది మీరనుకుంటున్నంత కష్టం కాదు.

ముందు అమ్మగారి దగ్గర మొదలుపెడదాం. ఆ పెట్టెలో మెడల్స్, డిశ్చార్జి బుక్ నాన్నవి, కానీ ఉత్తరాలు మాత్రం అమ్మవి. పైన పేరు ఆవిడది, లోపల మాటలు ఆవిడకు చెప్పినవి. అప్పట్లో ఆవిడ చిన్న వయసు కోడలు, ఇంట్లో ఫోన్ లేని రోజులు, వీధిలోకి టెలిగ్రాం వచ్చిందంటేనే గుండె ఆగిపోయే కాలం. ఆ నెలలు ఆవిడ ఎలా గడిపారో ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అడిగారా? అందరూ నాన్న మౌనం గురించే మాట్లాడుతున్నారు. ఆవిడ కూడా యాభై ఏళ్లుగా మౌనంగానే ఉన్నారు కదా. "జోలికి పోవద్దు" అన్నది నాన్న రహస్యం దాచడానికి కాకపోవచ్చు, తన ఉత్తరాలు పిల్లలు చదువుతారన్న బిడియం కావచ్చు, మళ్లీ ఆ భయంలోకి వెళ్లలేకపోవడం కావచ్చు. అదేమిటని ఆవిణ్ణి నిలదీయొద్దు.

మీకు అనుకూలమైన సంగతి ఒకటుంది. మీ వెతుకులాటకు కావలసినదంతా ఆ ఉత్తరాల బయటివైపే ఉంటుంది, లోపల కాదు. ఇన్‌ల్యాండ్ లెటర్‌ని మడత విప్పకుండా అలాగే తిప్పి చూడండి. పంపినవారి చోట నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద కేరాఫ్ 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అనో, 99 ఏపీఓ అనో ఉంటుంది. 56 ప్రధానంగా ఉత్తర, పశ్చిమ సరిహద్దుల వైపు వాళ్లది, 99 తూర్పు వైపు వాళ్లది. ఆ ఒక్క అంకెతోనే సగం దేశం పక్కకు తప్పుకుంటుంది. ఇక గుండ్రటి పోస్టు ముద్రలో ఎఫ్‌పీఓ అని ఒక నంబరు, తేదీ ఉంటాయి. అది ఫీల్డ్ పోస్టాఫీసు ముద్ర. ఈ పోస్టాఫీసులు దళాలతో పాటే కదిలేవి కాబట్టి ఏ నంబరు ఏ రోజుల్లో ఎక్కడుందో మిలటరీ తపాలా ముద్రలు సేకరించేవాళ్లు జాబితాలు తయారు చేసుకుంటారు, అలాంటివాళ్లను అడిగితే ఇష్టంగా చెబుతారు. బయటివైపు మాత్రమే ఫోనుతో ఫొటోలు తీసి, తేదీ, యూనిట్, ముద్ర నంబరు ఒక నోట్‌బుక్‌లో వరసగా రాసుకుంటూ పోండి. యూనిట్ పేరు ఎక్కడ మారిందో చూడండి. ఉత్తరాలు ఎక్కడ ఆగిపోయాయో కూడా చూడండి. యుద్ధం 1971 డిసెంబరు 3 సాయంత్రం మొదలైంది, తూర్పున 16న ఢాకాలో లొంగుబాటుతో ముగిసింది, పశ్చిమాన 17న కాల్పులు ఆగాయి, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఖాళీ ఉంటే ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే. మనియార్డర్ కూపన్లు ఆ కట్టలో ఉంటే వాటినీ వదలొద్దు, వాటి మీదా ముద్ర, తేదీ ఉంటాయి.

అమ్మతో ఇలా చెప్పి చూడండి: "అమ్మా, ఉత్తరం విప్పను, నువ్వే పట్టుకో, నేను పైనున్న ముద్ర ఫొటో తీసుకుంటాను. లోపల ఏముందో నాకు చెప్పక్కర్లేదు. నీకు ఇష్టం లేనివి తీసి నీ దగ్గరే ఉంచుకో." ఇందులో దాపరికం ఏమీ లేదు, నిజంగానే మీకు లోపలి భాగం అవసరం లేదు. ఫీల్డులో ఉన్న జవాన్లకు తామున్న చోటు పేరు రాసే వీల్లేదు కాబట్టి లోపల ఎంత వెతికినా ఊరి పేరు దొరకడం అరుదు. ఆవిడ ఒప్పుకోకపోతే కొన్నాళ్లు ఆ కట్ట పక్కన పెట్టి మిగతావి చూసుకోండి. ఆవిడ లేనప్పుడు మాత్రం తీయొద్దు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఆవిడ నమ్మకం పోయాక దొరికే ఏ వివరమూ మీకు సంతోషం ఇవ్వదు.

ఇప్పుడు మెడల్స్. ముందు వాటిని తోమకండి, నాన్న ఉన్నప్పుడు మెరిసేవని బ్రాస్సో పెట్టి రుద్దితే అక్షరాలు అరిగిపోతాయి. అంచు మీద గానీ వెనక గానీ నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి, వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుని చదవండి. ఆ నంబరు డిశ్చార్జి బుక్‌లో నంబరుతో సరిపోతోందా చూడండి. మూడింటిలో ఒకటి ఐదు మొనల నక్షత్రమా? 1971కి రెండు నక్షత్రాలిచ్చారు, తూర్పు రంగంలో పనిచేసినవాళ్లకు పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో వాళ్లకు పశ్చిమీ స్టార్. గుండ్రంగా ఉండే సంగ్రామ్ మెడల్ మాత్రం ఇంకా చాలామందికి వచ్చింది, దాన్నిబట్టి మనిషి యుద్ధరంగంలోనే ఉన్నాడని చెప్పలేం. ఇంకో గుండ్రటిది స్వాతంత్ర్య రజతోత్సవ పతకం కావచ్చు, అది 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చింది, యుద్ధంతో సంబంధం లేదు. కాబట్టి ముందు నక్షత్రం ఉందో లేదో చూసుకోండి.

ఉంటే బాబాయి మాటకు సగం జవాబు మీ చేతిలో ఉన్నట్టే. మిగతా సగం ఇది: లారీ తోలడం యుద్ధం కాదని ఆయనకు ఎవరు చెప్పారు? ఫిరంగికి గుండ్లు, ట్యాంకుకి డీజిల్, ముందున్నవాళ్లకు నీళ్లు, గాయపడ్డవాళ్లు వెనక్కి రావడం, అన్నీ లారీ మీదే. రాత్రిపూట లైట్లు ఆర్పి, తెలియని దారిలో, వెనకాల మందుగుండు పెట్టుకుని బండి నడపడం అంటే ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. పైగా డ్రైవర్ అన్నంత మాత్రాన సర్వీస్ కోర్ (ఆర్మీకి సరుకులు, రవాణా చూసే విభాగం) అనుకోనక్కర్లేదు, ఫిరంగి దళంలోనూ, ఇంజనీర్లలోనూ, పదాతి దళంలోనూ డ్రైవర్లుంటారు. పశ్చిమాన బసంతర్ నది దగ్గర శత్రువు పాతిన మందుపాతరలు తీసి ట్యాంకులకు దారి చేసింది ఇంజనీర్లే. మీ నాన్న అక్కడున్నారని నేననడం లేదు. "బాబాయి మాటే నిజమైతే" అని మీరు భయపడుతున్నారు చూడండి, ఆ మాట నిజమైనా అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదంటున్నాను. ఆయన చిన్నచూపుతో అన్న మాటను మీరు అదే చూపుతో ఇన్నేళ్లు మోశారు.

డిశ్చార్జి బుక్ చినిగినా పారేయకండి, టేపు అతికించకండి, పేజీ పేజీ ఫొటో తీయండి. చేరిన తేదీ, యూనిట్లు, మెడల్స్, చివర్లో క్యారెక్టర్ ఎలా ఉందన్నది అందులో ఉంటాయి. అది చదవలేకపోతే పెన్షన్ కాగితం పీపీఓలో నంబరు, రెజిమెంటు దొరుకుతాయి. ఆర్మీలో అందరి రికార్డులూ ఒకచోట ఉండవు, ఏ రెజిమెంటు లేదా కోర్ వాళ్లవి ఆ రికార్డాఫీసులోనే. ఆర్టిలరీ అయితే నాసిక్ రోడ్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అయితే బెంగళూరు, మద్రాస్ రెజిమెంట్ అయితే నీలగిరుల్లో వెల్లింగ్టన్, బండ్లు, ఆయుధాల రిపేర్లు చూసే ఈఎంఈ అయితే సికింద్రాబాద్. సర్వీసు వివరాల కోసం అక్కడికి ఉత్తరం రాయాలి, అది భార్యగా అమ్మ సంతకంతో వెళితే పని తేలిక. ఆవిణ్ణి పక్కన పెట్టి చేయడం కుదరదనడానికి ఇదొక కారణం. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. నాన్న పెన్షన్‌తో వచ్చారు కాబట్టి ఆశ ఉంది, పెన్షన్ లేకుండా వచ్చినవాళ్ల కాగితాలు 25 ఏళ్ల తర్వాత తీసేస్తారు, లాంగ్ రోల్ అనే శాశ్వత రిజిస్టరులో క్లుప్తంగా రాసినదే మిగులుతుంది.

అయితే రికార్డాఫీసు కంటే ముందు ఆ గ్రూపు ఫొటో పట్టుకుని మనుషుల దగ్గరికి వెళ్లండి. కాగితాలు ఇంకో ఏడాదైనా ఆగుతాయి, 1971లో పాతికేళ్లున్నవాళ్లు ఇప్పుడు డెబ్బై ఐదు దాటినవాళ్లు. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే అదే రెజిమెంటు మాజీ సైనికులు ఎవరున్నారో చెబుతారు. ఫొటో ముందు వరసలో పలక మీద యూనిట్ పేరు ఉందేమో, టోపీ మీద బ్యాడ్జీ, భుజం మీద ఇత్తడి అక్షరాలు కనిపిస్తున్నాయేమో పెద్దది చేసి చూడండి, వెనక స్టూడియో ముద్ర ఉందేమో చూడండి. వాళ్లను కలిసినప్పుడు "మా నాన్న ధైర్యవంతుడేనా" అని అడగకండి, "మీరంతా ఎక్కడ ఉండేవారు, ఏం తినేవారు, మా నాన్న ఎలా ఉండేవారు" అని అడగండి. అలా అడిగితేనే మాటలు వస్తాయి.

మీరు మనసు సిద్ధం చేసుకోవాల్సింది ఒకటుంది. సర్వీసు కాగితాల్లో రెడ్ ఇంక్ ఎంట్రీ కనబడవచ్చు, అంటే శిక్ష పడిందని. సెలవు అయిపోయాక ఆలస్యంగా వెళ్లినా పడుతుంది, కంగారు పడిపోకండి. అది దొరికితే దాన్ని నాన్న మౌనానికి కారణంగా అతికించేయకండి. ఆయన డిసెంబరు 16న బయటికి ఎందుకు వెళ్లిపోయేవారో మనకు తెలియదు. పోయిన స్నేహితుడు కావచ్చు, చేసిన పని కావచ్చు, చూసిన శవాలు కావచ్చు, మీ బాబాయి వెక్కిరింత కూడా కావచ్చు. మీరు ఆయన్ను ప్రేమించడానికి అది తేలాల్సిన అవసరం లేదు.

తమ్ముడి విషయంలో గొడవ వద్దు. అమ్మ ఉన్నంతకాలం మెడల్స్ అమ్మ దగ్గరే ఉంటాయని ముగ్గురూ అనుకోండి, ఫొటోలు తీసి అతనికి పెద్ద సైజులో ప్రింటు వేయించి ఇవ్వండి, ఫ్రేము కట్టించుకుంటాడు. బాబాయికి ఏం చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అనేది అమ్మను అడిగే నిర్ణయించండి, ఆ పెళ్లిళ్లలో నాన్న పక్కన కూర్చుని ఆ మాట విన్నది ఆవిడే.

ఇక మీరు ఉత్తరంలో రాయని విషయం: అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా? పీపీఓలో ఆవిడ పేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయా? ఏ కాగితాలు తీసినా ముందు అది చూడండి, తప్పుంటే అదే సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్లు సైనిక పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో సరిచేయించడానికి సాయం చేస్తారు. ఆ పని మీద అమ్మను వెంటబెట్టుకుని వెళ్లండి.