మామగారి డ్రైవింగ్ బండికి అలవాటైపోతుందా?

ప్రశ్న: మాది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉన్న ఆరు గేర్ల ఆటోమేటిక్ కారు, 2018 మోడల్, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. వారమంతా మా మామగారు నడుపుతారు, స్పీడు నలభై దాటనివ్వరు. ఆదివారం నేను హైవే ఎక్కిస్తే బండి బద్ధకంగా లాగుతోంది, రెండు నుంచి మూడులోకి పడేటప్పుడు చిన్న జర్క్ కూడా ఇస్తోంది. "బండి ఆయన అలవాటు నేర్చేసుకుంది, అరగంట బ్యాటరీ తీసేస్తే మర్చిపోతుంది" అంటున్నాడు మెకానిక్. నిజమేనా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: సగం నిజం. కాకపోతే మీ జర్క్‌కి ఆ సగంతో సంబంధం లేదు, పాపం మామగారిని వదిలేయండి.

గేర్‌బాక్స్ కంప్యూటర్ రెండు వేరు వేరు సంగతులు నేర్చుకుంటుంది. మొదటిది మీ కాలి తీరు. యాక్సిలరేటర్ ఎంత తొక్కారన్నది ఒక్కటే కాదు, ఎంత విసురుగా తొక్కారు, ఎంత త్వరగా వదిలేశారు, బ్రేకు ఎలా వేస్తున్నారు, ఇవన్నీ చూసి గేరు ఎప్పుడు మార్చాలో తేల్చుకుంటుంది. మెల్లగా తొక్కితే తక్కువ ఆర్‌పిఎంలోనే పై గేరు వేసేస్తుంది, గట్టిగా తొక్కితే ఉన్న గేరునే ఇంకాసేపు పట్టి ఉంచుతుంది. ఇదేం కొత్త విద్య కాదు, 1990 నాటి పోర్షా 911 కారు టిప్‌ట్రానిక్ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు మార్చే పద్ధతులు ఐదు రకాలు ఉండేవి, తొక్కుడుని బట్టి అదే మార్చుకునేది. అయితే ఈ జ్ఞాపకం పొట్టిది. చాలా బండ్లలో డ్రైవరు మారి కాస్త హుషారుగా నడిపితే కొద్దిసేపట్లోనే సర్దుకుంటుంది. హైవే ఎక్కేటప్పుడు మీకు ఆగే ఓపిక లేకపోతే స్పోర్ట్ మోడ్‌లో పెట్టండి, లేదా పెడల్ పూర్తిగా తొక్కండి, కింది గేరు దానంతటదే పడుతుంది. అన్నట్టు తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు బండి పై గేరు వెయ్యకపోతే అది మీ అలవాటు పట్టేసిందని కాదు, రోడ్డు ఎక్కుడుని లెక్కగట్టి చేసే పని.

రెండోది తన ఒంటి సంగతి, మీ జర్క్ దాదాపుగా ఇక్కడిదే. రెండు నుంచి మూడుకి మారేటప్పుడు లోపల ఒక క్లచ్ వదులుతుంది, అదే క్షణంలో ఇంకోటి పట్టాలి. ఆ పట్టేదాన్ని ఆయిల్ ప్రెషర్ నొక్కుతుంది. క్లచ్ ప్లేట్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్ ఇంకొంచెం దూరం కదలాలి కాబట్టి ఆయిల్ నిండడం ఆలస్యమవుతుంది, ఈలోగా ఇంజన్ ఒక్కసారి గుయ్‌మంటుంది. లోపలి స్పీడ్ సెన్సర్లు ఆ జారుడుని పట్టేస్తాయి, కంప్యూటర్ తర్వాతిసారి నింపడం కాస్త ముందే మొదలుపెడుతుంది. ఇలా వేల కిలోమీటర్ల మీద కొంచెం కొంచెంగా దిద్దుకున్న లెక్క అది. ఆయిల్ పాతదైపోయినా, లెవెల్ తగ్గినా ఆ దిద్దుబాటు ఇక చాలదు, అప్పుడే జర్క్ మొదలవుతుంది.

ఇప్పుడు బ్యాటరీ సంగతి. కొత్త బండ్లలో చాలావాటికి బ్యాటరీ తీసినా ఈ లెక్క పోదు, స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించి చదివే పరికరం) పెట్టి చెరిపితేనే పోతుంది. పాత రకంలో పోతుంది, కానీ పోతే ఇన్నాళ్ల దిద్దుబాటూ పోయినట్టే, కొన్నాళ్లు జర్కులు ఇంకా ఎక్కువవుతాయి.

ముందు పాత ఓనరుని అడిగి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు ఉందేమో చూడండి. "లైఫ్‌టైమ్ ఆయిల్ సార్, మార్చక్కర్లేదు" అనే మాట నేను నమ్మను. గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీయే తనవాటికి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమని చెబుతుంది, మన ఎండకీ ట్రాఫిక్‌కీ ఇంకా ముందే మార్చినా తప్పులేదు. మీ బండికి కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యాలి, లెవెల్ కూడా ఆయిల్ చెప్పినంత వేడిలో ఉన్నప్పుడే చూడాలి. ఆ తర్వాతే స్కానర్‌తో పాత లెక్క చెరిపించండి. ఇంజన్ బాగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద, పెడల్ మీద కాలు కదపకుండా తేలిగ్గా తొక్కుతూ ఒకటి నుంచి పై గేరు దాకా వెళ్లి, మెల్లగా ఆపి, మళ్లీ అదే పని కొన్నిసార్లు చెయ్యండి. నవ్వొస్తుందేమో గానీ ఈ పనికి మీకన్నా మీ మామగారే మేలు.

అప్పటికీ జర్క్ తగ్గకపోతే సొలినాయిడ్లు (ఆయిల్ దారిని కరెంటుతో తెరిచి మూసేవి), అవి ఉండే వాల్వ్ బాడీ (ఆయిల్‌ని క్లచ్‌లకు పంచే భాగం) చూడాలి. స్కానర్ రీడింగ్ మీకు చూపించకుండా గేర్‌బాక్స్ దించుతామంటే మాత్రం ఒప్పుకోకండి.